మొలలే కదా అని మూడు అప్పులిచ్చాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మా వంతు వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎంతమందికి బీపీ, షుగరు చూపించాం అని అంకెలు చదివేసి దిగిపోతాం. ఆ అంకెలు ఈ నివేదికలో వేరే పేజీలో వేశారు, చూసుకోండి. ఈసారి మేము అంకెల కాగితం తేలేదు. మా ఊరి సంఘం మినిట్స్ పుస్తకం ఒకటి తెచ్చాం. ఆ సంఘం వాళ్లు ఒప్పుకున్నాకే తెచ్చాం. అందులోంచి మూడు తీర్మానాలు చదువుతాం.

మొదటిది 2023 జూలైలో. సభ్యురాలికి వైద్య ఖర్చుల నిమిత్తం అంతర్గత అప్పు రూ.5,000 ఇచ్చుటకు తీర్మానించడమైనది. రెండోది అదే ఏడాది అక్టోబరులో. మొలల వైద్యం నిమిత్తం రూ.10,000. మూడోది 2024 ఫిబ్రవరిలో, మిరప కోతలు జోరుగా సాగే రోజుల్లో. మొలల ఆపరేషన్ నిమిత్తం గ్రామ సంఘం నుంచి రూ.25,000. మూడింటి కిందా అందరి సంతకాలూ ఉన్నాయి. మూడు అప్పులూ తీసుకున్నది ఒకే అక్క. ఆమె పేరు చెప్పం. ఇంట్లో వాళ్లు చెప్పొద్దన్నారు. ఆమె మాత్రం, "పేరొద్దు గానీ, జరిగింది జరిగినట్టు చెప్పండి, దాచొద్దు" అంది.

ఆ పుస్తకంలో ఇంకోటి కూడా ఉంది. 2024 ఏప్రిల్లో, ఒక్క కిస్తీ కూడా ఆపకుండా కట్టిందని ఆ అక్కకి చప్పట్లు కొట్టాం. అదీ రాసి పెట్టుకున్నాం. ఎనిమిది నెలల్లో మూడుసార్లు ఒకే జబ్బుకి అప్పు అడిగితే, ఆ జబ్బేందని ఎవరం అడగలేదు. డబ్బు తిరిగి వస్తుందా లేదా అన్నదే చూశాం. పంచసూత్రాలు గుక్క తిప్పుకోకుండా చెప్పగలం. ఆ అయిదింటిలోనూ మనిషి ముఖం చూడమని లేదు మరి.

ఏం జరిగిందో చెప్తాం. ఆమెకి అప్పుడు 52 ఏళ్లు. మిరపకోతలు, నాట్లు, కలుపు, అన్ని పనులకీ పోయే మనిషి. దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడటం మొదలైంది. మిరపకాయ వేడి అనుకుంది. మన పల్నాడులో మిరప కోసేవాళ్లందరికీ ఆ మాట అలవాటే. ఒళ్లు మండినా వేడే, మూత్రం మండినా వేడే, రక్తం పడినా వేడే. మజ్జిగ తాగింది, సబ్జా గింజలు నానేసుకుని తాగింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. అప్పుడు మొలలు అనుకుంది. బస్టాండు గోడ మీద కత్తి లేకుండా, కోత లేకుండా అని రాసిన చోటికి వెళ్లింది. అక్కడ లోపల ఏదో పూశారు, ఏదో సూది వేశారు, మాత్రలిచ్చారు. మొదటి రెండు అప్పులూ అక్కడికే పోయాయి. మూడో అప్పుతో వేరే ఊళ్లో మొలలకి కోత పెట్టించుకుంది. ఆ కోత పెట్టినవాళ్లు కూడా లోపల ఇంకేమన్నా ఉందేమోనని చూడలేదు.

ఈలోగా మనిషి పాలిపోయింది. ఆశా కార్యకర్త రక్తం చూస్తే పదికి దిగింది, తర్వాత ఎనిమిదికి దిగింది. ఐరన్ మాత్రలిచ్చారు. మనలో ఎవరికి రక్తం పన్నెండు ఉంది గనక? ఆడవాళ్లకి రక్తం తక్కువ ఉండటం మామూలే అనుకున్నాం. ఆ అక్కకి ముట్లుడిగి అప్పటికి నాలుగేళ్లయింది. నెలనెలా పోయే రక్తం లేనప్పుడు, ఉన్న రక్తం ఎటు పోతోందని ఆమే అడగలేదు, మేమూ అడగలేదు.

2024 ఆగస్టులో మిరప నాట్లు వేస్తూ చేలోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతే, అప్పుడే కొత్తగా వచ్చిన డాక్టరమ్మ అంతా అడిగింది. తర్వాత కర్టెన్ వేసి, గ్లౌజు తొడుక్కుని, వేలితో లోపల పరీక్ష చేసింది. రెండు నిమిషాలు పట్టింది. బయటికొచ్చి మా ఇద్దరినీ పక్కకి పిలిచి, "ఇవి మొలలు కాదమ్మా, లోపల గడ్డ తగులుతోంది, గుంటూరు వెళ్లాలి" అంది. పద్నాలుగు నెలలు, నలభై వేల అప్పు. పట్టిచ్చింది రెండు నిమిషాల పరీక్ష. ఆ పరీక్షకి పైసా ఖర్చు లేదు.

పెద్దపేగు చివరి భాగంలో క్యాన్సర్. గుంటూరు సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు వాళ్లు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది, మీలో కొందరికి తెలుసు. కరెంటు పెట్టడం, మందులు ఎక్కించడం, ఆ తర్వాత ఆపరేషన్. పేరు ఎన్నిసార్లు మారినా మనం ఆరోగ్యశ్రీ అనే పిలుచుకుంటాం, ఆ కార్డు మీదే వైద్యం జరిగింది. 2007లో ఆ పథకం పెట్టిన నాటి నుంచీ క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. గడ్డ బాగా కిందికి ఉండటంతో దారి మూసేసి, పొట్ట పక్కన సంచి పెట్టారు. ఇక జీవితమంతా మలం ఆ సంచిలోకే వస్తుంది.

అక్క బతికింది. అది ముందు చెప్పాలి, మీరంతా ముఖాలు దిగేసుకున్నారు. ఇప్పుడు కోతలకి పోవడం లేదు, ఇంటి దగ్గర మిరపకాయ తొడాలు తీస్తోంది. కాకపోతే ఆపరేషన్ అయ్యాక నాలుగు నెలలు సంఘం మీటింగుకి రాలేదు. పొదుపు డబ్బులు మనవడితో పంపేది. ఎందుకు రావడం లేదని ఈసారి మాత్రం అడిగాం. "వాసనొస్తదేమోనని, పక్కన కూర్చున్నోళ్లు ముక్కు మూసుకుంటే నేను తట్టుకోలేనొదినా" అంది. అప్పటినుంచి మీటింగు ఆమె ఇంటి వసారాలోనే పెడుతున్నాం. సంచి సరిగ్గా అతికించుకుంటే వాసన రాదు. అది ఎలా అతికించుకోవాలో ఆస్పత్రిలో నర్సమ్మ నేర్పింది. వేసవిలో చెమటకి ఊడుతోందంటే మళ్లీ వెళ్లి అడిగొచ్చాం.

ఆ డాక్టరమ్మని మేము మరో రోజు మా గ్రామ సంఘానికి పిలిచాం. ఆమె చెప్పినవే ఇక్కడ చెప్తున్నాం.

ఈ క్యాన్సర్ ఒక్కరోజులో రాదు. పేగు లోపలి గోడ మీద ముందు చిన్న బుడిపె లేస్తుంది. పాలిప్ అంటారు. అన్ని బుడిపెలూ క్యాన్సర్ కావు. కొన్ని మాత్రం పెరిగి పెరిగి మారతాయి. అలా మారడానికి చాలావరకు పదేళ్ల దాకా పడుతుంది. పదేళ్లు, అక్కలారా. మనం ఇల్లు కట్టడానికి తీసుకున్న అప్పు తీరేంత కాలం. ఈ మధ్యలో ఎప్పుడు చూసినా ఆ బుడిపెని గొట్టంలోంచే కత్తిరించి తీసేస్తారు. అప్పుడు క్యాన్సర్ వచ్చేదే ఉండదు. జబ్బు రాకముందే జబ్బుని తీసేయగల పరీక్షలు చాలా తక్కువ, అందులో ఇదొకటి.

అందుకని కొన్ని దేశాల్లో ఏ బాధా లేనివాళ్లకి కూడా ఈ పరీక్ష చేస్తారు. జపాన్‌లో 1992 నుంచి నలభై దాటిన వాళ్లకి ఏటా మలపరీక్ష ఉంది. అమెరికాలో ఒకప్పుడు యాభై దాటాక అనేవాళ్లు, 2021లో 45కి దించారు. అక్కడున్న మన పిల్లలకి 45 రాగానే డాక్టరు దగ్గర్నుంచి కబురొస్తుంది. మన ఆశా కార్యకర్త ముప్పై దాటిన అందరికీ నింపే ఫారంలో బీపీ, షుగరుతో పాటు మూడు క్యాన్సర్లు ఉన్నాయి. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఆ మూడూ చేయించుకోండి, ఆ కబురు వస్తే తలుపేసుకోకండి. పెద్దపేగు మాత్రం ఆ ఫారంలో లేదు. దీనికి మన ఇంటికి ఎవరూ రారు. మనమే వెళ్లి అడగాలి.

ఏం అడగాలంటే, 45 దాటినవాళ్లు ఏ బాధా లేకపోయినా డాక్టరుని మలంలో కంటికి కనపడని రక్తం పరీక్ష గురించి అడగండి. చిన్న సీసాలో పుల్లతో కొంచెం మలం తీసి ఇవ్వాలి, అంతే. నొప్పి లేదు, సూది లేదు. ఇందులో రెండు రకాలున్నాయి, ఒక రకానికి ముందు రెండు మూడు రోజులు మాంసం తినకూడదు, ఏది చేస్తున్నారో అడిగి తెలుసుకోండి. అందులో రక్తం ఉందని వస్తే క్యాన్సరే అని ఏడవొద్దు. మొలలకీ రావచ్చు. కానీ ఉందని వచ్చాక గొట్టం పరీక్ష, కొలనోస్కోపీ, చేయించుకుని తీరాలి. రక్తం లేదని వస్తే దాన్ని ఒక్కసారితో వదిలేయకూడదు, ఏటా చేయించాలి.

కంటికి కనపడేలా రక్తం పడుతున్నవాళ్లు ఈ సీసా పరీక్ష కోసం ఆగొద్దు. నేరుగా డాక్టరుకి చూపించుకోండి, వేలితో పరీక్ష చేయమని మీరే అడగండి. ఆడ డాక్టరు కావాలంటే అదీ అడగండి, తప్పేం లేదు. రక్తం పడే వాళ్లలో చాలామందికి అది మొలలో, పగుళ్లో అయి ఉంటుంది. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. కానీ ఇంకో మాట కూడా చెప్పింది. మొలలు ఉన్న మనిషికి క్యాన్సర్ రాదని ఎక్కడా రాసి లేదు. రెండూ కలిసి ఉండొచ్చు. మా అక్కకి అదే జరిగింది. మొలలూ ఉన్నాయి, వాటి పైన గడ్డా ఉంది.

రక్తం ఒక్కటే కాదు. ఎప్పుడూ పొద్దున్నే ఒకసారి వెళ్లే మనిషికి అలవాటు మారిపోయి వారాల తరబడి విరేచనాలో, మలబద్ధకమో ఉండటం, వెళ్లొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపించడం, సన్నగా రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకి మలం నల్లగానే వస్తుంది, దానికి భయపడి మాత్రలు మానకండి. తారులాగా జిగటగా, ఘోరమైన వాసనతో నల్లగా వస్తే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముట్లుడిగాక రక్తం తగ్గితే మాత్రలతో సరిపెట్టుకోకుండా ఎందుకు తగ్గిందని అడగండి. పేగు కుడివైపు గడ్డ ఉంటే చాలాకాలం రక్తం కనపడదట, మనిషి పాలిపోవడమే కనపడుతుందట. ముప్పై ఏళ్ల పిల్లకి రక్తం పడుతుందన్నా చిన్న వయసేలే అని కొట్టేయొద్దు.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వస్తాం. ఇవన్నీ చెప్పడానికి మనకి మాటే లేదు. గమనించారా? ఒకరు బయటికంటారు, ఒకరు దొడ్డికంటారు, పిల్లలు లెట్రిన్ అంటారు. డాక్టరు మలం అనగానే మనం తల దించుకుంటాం. సంఘంలో ఎవరి మొగుడు ఎంత తాగాడో, ఎవరి బంగారం ఏ బ్యాంకులో ఉందో అన్నీ మాట్లాడుకుంటాం. ఇది మాత్రం మాట్లాడుకోం. మా ఉపసంఘంలో ఒక పెద్దమ్మ ఉంది, ఆమె ఒక మాట అంది. పూర్వం తెల్లవారుజామున చెంబు పట్టుకుని నలుగురం కలిసి పొలం గట్టుకి వెళ్లేవాళ్లం. చీకట్లో రక్తం కనపడేది కాదు గానీ, ఎవరికి బాగోలేదో పక్కవాళ్లకి తెలిసేది. ఇప్పుడు ఇంట్లో మరుగుదొడ్డి వచ్చింది. తెల్ల బేసిన్ మీద ఎర్రగా కనపడుతుంది, మనమొక్కళ్లమే చూస్తాం, గబుక్కున నీళ్లు పోసేస్తాం. ఆ రోజులే బాగున్నాయని ఆమె అనలేదు. ఆ రోజుల్లో పాము భయం, మనుషుల భయం ఎంతో ఆమెకే ఎక్కువ తెలుసు. నీళ్లు పోసే ముందు ఒకసారి చూడండి అంది, అంతే.

అక్క తోబుట్టువుల సంగతి చెప్పాలి. ఇంట్లో ఒకరికి వస్తే అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, కడుపున పుట్టినవాళ్లు ఎవరైనా సరే, నలభైకే, లేదా ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు గొట్టం పరీక్ష చేయించుకోవాలని గుంటూరులో చెప్పారు. ఆమెకో చెల్లెలు ఉంది, 46 ఏళ్లు, పక్క మండలం. ఆమెని ఒప్పించడానికి మాకు మూడు నెలలు పట్టింది. భయం గొట్టం గురించి కాదు. పేగు కడుక్కోవడానికి తాగే మందు గురించి. వాళ్ల మరుగుదొడ్డి పెరట్లో ఉంది, ఇంట్లో మామగారు, ఇద్దరు మరుదులు. రాత్రంతా ఇన్నిసార్లు వెళ్తుంటే ఏమనుకుంటారు అని ఆమె బాధ. దానికి డాక్టరు దగ్గర జవాబు ఉంటుందా? మా దగ్గర ఉంది. మా ఇంటికి వచ్చేయమన్నాం.

రెండు రోజుల ముందు నుంచి ఆకుకూర, గింజలున్న కూరలు, జామకాయ, పప్పులు మానిపించాం. తెల్లన్నం, పెరుగు పెట్టాం. ముందు రోజు ఏమీ తినకుండా కొబ్బరినీళ్లు, ఉప్పు పంచదార నీళ్లు. సాయంత్రం పొడి మందు నీళ్లలో కలిపి, ఆస్పత్రిలో చెప్పిన కొలత ప్రకారం గ్లాసు తర్వాత గ్లాసు. ఉప్పగా, జిడ్డుగా ఉందని ముఖం చిట్లించింది. చల్లగా చేసి ఇస్తే తాగింది. బకెట్లు నిండుగా పెట్టాం, ఎందుకంటే కరెంటు పోతే మోటారు రాదు. రాత్రంతా పదిసార్లకి పైగా వెళ్లింది. ఆ రాత్రి మేము నిద్రపోలేదు. పాత సినిమా పెట్టుకుని కూర్చున్నాం, ఆమె ఒక్క పాటా పూర్తిగా చూడలేదు. మర్నాడు ఆస్పత్రిలో మత్తు ఇచ్చి చేశారు. అరగంట కూడా పట్టలేదు. లేచి, "అయిపోయిందా?" అంది.

ఒక బుడిపె కనపడింది. అప్పుడే తీసేశారు. ముక్క పరీక్షకి పంపితే ఇంకా క్యాన్సర్ కాలేదని వచ్చింది. మళ్లీ మూడేళ్లకి రమ్మన్నారు. వారం తిరక్కుండానే ఆమె కలుపుకి పోయింది.

తమ్ముడికి 44. ఇంకా వెళ్లలేదు. "నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నా" అంటాడు. మొన్న సంక్రాంతికి కూడా అడిగాం. మగవాళ్ల సంఘం లేదు, ఎవరి చేత చెప్పించాలో తెలియడం లేదు. వాళ్ల ఆవిడ మన సంఘం సభ్యురాలు, ఆమెతోనే మాట్లాడుతున్నాం.

మా ఉపసంఘం తీర్మానాలు మీ ముందు పెడుతున్నాం, బాగుంటే చేతులెత్తండి. ఏ సంఘంలోనైనా ఒకే సభ్యురాలు వైద్యానికి రెండోసారి అప్పు అడిగితే, అప్పు ఆపకూడదు, కానీ ఇద్దరు సభ్యులు ఆమెతో కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. జబ్బేందో అందరి ముందూ చెప్పక్కర్లేదు, ఆ ఇద్దరికీ చెప్తే చాలు. గుంటూరు వెళ్లడానికి 2025 ఆగస్టు 15 నుంచి మనకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు, ఆధార్ పట్టుకెళ్లండి. దారి ఖర్చు సాకు పోయింది. అక్కడ తిండికి, కార్డులో రాని పరీక్షలకి గ్రామ సంఘం ఆరోగ్య నిధి నుంచి వడ్డీ లేకుండా ఇవ్వాలి. ఏది కార్డులో వస్తుందో, ఏది రాదో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర చెప్తారు, చేరకముందే అడగండి.

ఇంకొకటి. మందు తాగే రాత్రికి చోటు లేనివాళ్లు మొహమాటపడొద్దు. ఈ సమాఖ్య భవనంలో వెనక గదికి ఆనుకుని బాత్రూము ఉంది, నీళ్ల ట్యాంకు ఉంది. అధ్యక్షురాలు గారిని అడిగితే తాళం ఇస్తామన్నారు. తోడుకి మేము వస్తాం.

భోజనాలయ్యాక మేము ఆ వెనక గదిలోనే కూర్చుంటాం. తలుపు వేసే ఉంటుంది, తోసుకుని రండి. పుస్తకం పెట్టడం లేదు, పేర్లు రాయడం లేదు. మా అక్క కూడా వచ్చింది, లోపలే ఉంది. సంచి గురించి అడగాలనుకున్నవాళ్లు ఆమెనే అడగండి.